జోలపాట పాడిన రాజుగారు

ఆ శనివారం ఉదయం పెన్సిలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి ఫోన్ చేసి పంటినొప్పి అని చెప్పాలి. స్నానం చేసి, చెంపకి ఒక గుడ్డ కట్టుకుని, బొమ్మల కాగితాలు చంకన పెట్టుకుని, తెలిసినవాళ్లెవరి కంటా పడకుండా బస్సెక్కాలి. మధ్యాహ్నానికల్లా తన బతుకు ఎటు తిరుగుతుందో తేల్చుకుని ఇంటికి రావాలి. ఇంత చిన్న పథకం చెడిపోవడానికి చోటెక్కడుంది అనుకుంది పాపం.

పెన్సిలు అనేది ఆమె పేరు కాదు. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని, అది ఎక్కడుందో తెలియక ఇల్లంతా వెతుకుతుంది కాబట్టి పిన్ని అలా పిలవడం మొదలుపెట్టింది. అసలు పేరు ఆఫీసు హాజరుకి తప్ప ఇప్పుడు దేనికీ పనికిరావడం లేదు. ఆ ఆఫీసు లిఫ్టులు బాగుచేసే కంపెనీ. లిఫ్టుల్లో ఇరుక్కుపోయినవాళ్లు ఫోన్ చేస్తే, మనిషి వచ్చేదాకా వాళ్లకి ధైర్యం చెబుతూ కూర్చోవడం ఆమె ఉద్యోగం. మిగిలిన సమయమంతా బొమ్మల కథలు గీస్తుంది.

ఊరి చివర పెద్ద హాల్లో ఏటా కామిక్స్ కన్వెన్షన్ జరుగుతుంది. అక్కడ ఒక మూల, పేరున్న ప్రచురణ సంస్థ సంపాదకురాలు ఒకావిడ బల్ల వేసుకుని కూర్చుంటుంది. కొత్తవాళ్లు టోకెను తీసుకుని, వరసలో నిలబడి, తమ పోర్ట్‌ఫోలియో ఆవిడ ముందు పెట్టాలి. ఆవిడ చూసి ఉన్నమాట చెబుతుంది. ఆ ఉన్నమాట విని బయటికొచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇవ్వడానికి పక్కనే ఒక కుర్చీ కూడా ఉంది. ఆ కుర్చీలో పెన్సిలు ఇప్పటికి రెండుసార్లు కూర్చుంది.

"బొమ్మ బాగుందండీ. కానీ బొమ్మ చెప్పిందే మీ మాటలూ చెబుతున్నాయి. రాజుకి కోపమొచ్చిందని మొహం చూస్తే తెలుస్తోంది. మళ్లీ నాకు కోపమొచ్చింది అని ఆయన చేత చెప్పించడం ఎందుకు?" అంది సంపాదకురాలు పోయిన ఏడాది.

పెన్సిలు ఇంటికొచ్చి ఆ మాట మీద రోజులు రోజులు ఆలోచించింది. ఆలోచించి, రాజు కోపాన్ని ఇంకా అందమైన మాటల్లో రాసింది. అది కూడా నచ్చక చెరిపేసి మళ్లీ రాసింది. చెరిపి చెరిపి కాగితాలకి చిల్లులు పడే పరిస్థితి వచ్చేసరికి ఒక ఉపాయం కనిపెట్టింది. బొమ్మలు కాగితం మీదే ఉంచి, మాటల బుడగలు మాత్రం అద్దంలాంటి ప్లాస్టిక్ షీట్ల మీద రాసి, ఒక్కో బొమ్మ మీద ఒక్కో షీటు కప్పింది. మాట నచ్చకపోతే షీటు మారిస్తే చాలు. షీట్లకి కరువు లేదు. వాళ్ల నాన్నది బైండింగు షాపు.

ఈసారి పెద్ద ఒట్టు కూడా పెట్టుకుంది. ఆఫీసులో మేనేజరు ఆమెకి రాత్రి డ్యూటీ సూపర్‌వైజరు పోస్టు ఇస్తానన్నాడు. ఒప్పుకుంటే రాత్రంతా ఫోన్లు, పగలంతా నిద్ర, ఇక బొమ్మల మాట మరిచిపోవడమే. సోమవారం జవాబు చెప్పాలి. సంపాదకురాలు ఈసారి కూడా కాదంటే ఆ పోస్టుకి సరేనని, బ్రష్షులన్నీ అటక మీద పడేస్తానని ఒట్టు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని పిన్నికి ఒక్కదానికే చెప్పింది. పిన్ని ఎవరికీ చెప్పలేదు, బావకి, అంటే పెన్సిలు నాన్నకి తప్ప. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటిని మోస్తున్నది పిన్నే. అలాంటిది బావకి చెప్పకుండా ఉంటే కడుపు ఉబ్బిపోతుందని ఆవిడ నమ్మకం.

నాన్న ఏమీ మాట్లాడలేదు. మాట్లాడటం ఆయనకి చేతకాదు. బైండింగు చేతనవును. కూతురు స్నానానికి వెళ్లగానే, బల్ల మీద గుడ్డలో చుట్టి ఉన్న కాగితాల బొత్తి తీసుకుని మెట్లు దిగి కింద ఉన్న షాపులోకి వెళ్లాడు. ఇంత పెద్దావిడకి చూపించే బొమ్మలు విడి కాగితాలుగా పట్టుకెళ్లడమేమిటి, బైండరు కూతురై ఉండి, అని ఆయన బాధ.

ఆయన పనిలో రెండు నియమాలున్నాయి. ప్లాస్టిక్కునీ కాగితాన్నీ కలిపి పంచింగు మెషీనులో పెట్టకూడదు, ప్లాస్టిక్కు జారి చిల్లులు వంకర పోతాయి. రెండో నియమం, కడుతున్న పుస్తకాన్ని చదవకూడదు. చదివితే పని సాగదు. నలభై ఏళ్లలో ఆయన కట్టని పుస్తకం లేదు, చదివిన పుస్తకం లేదు. కాబట్టి షీట్లన్నీ ఒక దొంతరగా, బొమ్మలన్నీ ఒక దొంతరగా విడదీసి, వేరువేరుగా చిల్లులు కొట్టాడు. ఇంతవరకూ బాగానే ఉంది. అప్పుడు ఆయన గుండెలో ప్రేమ పొంగింది. మంచి మందపాటి కాగితం ఒకటి తీసుకుని, దాని మీద బంగారు సిరాతో కూతురి పేరు పెద్ద అక్షరాల్లో రాసి, దానికీ చిల్లులు కొట్టి, బొమ్మల దొంతరకి అన్నిటికన్నా పైన పెట్టాడు. తర్వాత పైనుంచి మొదలుపెట్టి ఒక షీటు, ఒక కాగితం, ఒక షీటు, ఒక కాగితం చొప్పున పేర్చుకుంటూ వెళ్లాడు. చివరి కాగితానికి షీటు లేకపోయింది. చివర అట్ట ఉందిగా, షీటెందుకు అనుకుని వైరు ఎక్కించి మెషీనులో బిగించేశాడు.

మొదటి బొమ్మ మాటలు పేరు మీదికి ఎక్కాయి. రెండో బొమ్మ మాటలు మొదటి బొమ్మ మీదికి వచ్చాయి. అలా కథలోని మాటలన్నీ ఒక్కో గడప ముందుకి జరిగి పక్కింట్లో కూర్చున్నాయి.

పెన్సిలు తల తుడుచుకుంటూ వచ్చేసరికి బల్ల మీద నల్ల అట్ట, వెండి వైరు, ఎర్ర రిబ్బను ముడితో ఒక పుస్తకం ఉంది. నాన్న గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇదేంటి నాన్నా?"

"ఊరికే. విడివిడిగా ఉంటే గాలికి ఎగిరిపోతాయని."

ఆమె ఆ నల్ల అట్టని అరచేత్తో నిమిరింది. ముడి విప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెరవకు తల్లీ. లోపల బంగారు సిరా పచ్చిగా ఉంది. మధ్యాహ్నం దాకా ఆరదు. ఆవిడ ముందే తెరువు."

తెరవలేదు. నాన్న మాట వినడం ఆమెకి అరుదు, విన్నందుకు ఫలితం ఎలా ఉంటుందో ఇక చూడాలి. మేనేజరుకి ఫోన్ చేసి మూలిగితే, ఆయన కూడా ఆ రోజు సెలవేనని, ఆసుపత్రిలో మావగారిని చూడటానికి వెళ్తున్నానని చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది. చెంపకి గుడ్డ కట్టుకుని, ఆఫీసు నుంచి ఇంకెవరైనా ఫోన్ చేస్తారేమోనని సెల్ ఆపేసి బస్సెక్కింది.

హాలు తలుపు దగ్గర ఒక వాలంటీరు ఆమె చెంప కట్టు చూసి మెచ్చుకోలుగా తలాడించింది. "చాలా సహజంగా ఉందండీ. ఏ పాత్ర?"

"పంటినొప్పి" అంది పెన్సిలు, ఏం చెప్పాలో తోచక.

"కొత్త కథా? చదవలేదు" అని వాలంటీరు ఆమెని, కథల్లో పాత్రల్లా తయారై వచ్చినవాళ్ల వేషాల పోటీ వరసలోకి పంపించబోయింది. పెన్సిలు కట్టు విప్పి సంచిలో పడేసి, పోర్ట్‌ఫోలియో వరసలో నిలబడింది. రెండు వరసలూ పక్కపక్కనే. మధ్యలో ఒక తాడు. తాడుకి అటువైపు, పాత లిఫ్టు తలుపులు కోసి చేసినట్టున్న ఇనప మరమనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. గుండె మీద ఎర్ర దీపం, నెత్తి మీద ఎగువకీ దిగువకీ బాణం గుర్తులు. పని చాలా శ్రద్ధగా ఉంది. కాకపోతే ఆ మరమనిషి లోపలినుంచి ఎవరో రొప్పుతున్నారు.

"హెల్మెట్ ఇరుక్కుపోయింది" అంది ఇనుములోంచి ఒక గొంతు. "గాలాడట్లేదు. ఎవరైనా ఉన్నారా?"

ఆ ప్రశ్నని పెన్సిలు రోజుకి ఎన్నిసార్లు వింటుందో లెక్కలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది. "కంగారు పడకండి. మీరు క్షేమంగా ఉన్నారు. లోపలికి గాలి వస్తూనే ఉంటుంది. తలుపుని బలవంతంగా లాగకండి. మా మనిషి బయల్దేరాడు."

రొప్పడం ఆగిపోయింది. మరమనిషి మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

"పంటినొప్పి ఎలా ఉందమ్మా?" అంది గొంతు.

పెన్సిలు తప్పించుకునే దారి వెతుకుతూ మరమనిషిని కిందినుంచి పైదాకా చూసింది. చూడగా చూడగా ధైర్యం వచ్చింది.

"కాస్త తగ్గింది సార్. మీ మావగారికి ఎలా ఉంది?"

"ఆయనకీ తగ్గింది" అన్నాడు మేనేజరు ఇనుములోంచి. ఇద్దరూ చెరోవైపూ చూస్తూ నిలబడ్డారు. అంతలో పెన్సిలు టోకెను పిలిచారు.

అక్కడ ఇంట్లో నాన్న, పుస్తకం కట్టాక సెల్‌లో తీసుకున్న ఫోటోలు పిన్నికి చూపించుకుంటున్నాడు. వైరు ఎంత తిన్నగా పడిందో చూడమని ఆయన గొడవ. పిన్ని వైరు చూడలేదు. ఆవిడ ఆ కథని పెన్సిలు భుజం మీదుగా మొదటినుంచీ చదువుతూ వచ్చిన మనిషి.

"బావా, సింహాసనం మీద రాజు జోలపాట ఎందుకు పాడుతున్నాడు?"

"రాజన్నాక పిల్లలుండరా?"

"అది రాణి మాట. మరి రాణేమో తల నరుకుతానంటోంది. గుర్రం మాట్లాడుతోంది. ఏం చేశావు బావా నువ్వు?"

నాన్న కళ్లజోడు పెట్టుకుని, నలభై ఏళ్లలో మొదటిసారి, తాను కట్టిన పుస్తకాన్ని చదివాడు. చదువుతూ చదువుతూ కుర్చీలో కూలబడ్డాడు. తను రాసిన పేరు పేజీ, తన బంగారు సిరా, తన ప్రేమ కలిసి ఎంత పని చేశాయో ఒక్కో ఫోటోకి ఒక్కో మెట్టు చొప్పున అర్థమైంది. కూతురి సెల్ పలకలేదు. ఒట్టు గుర్తొచ్చింది. చేతికందిన కటింగ్ ప్లేయరు పట్టుకుని, జిగురు మరకల ఏప్రాను మీదే, మెడలో దారపు చుట్టలతో, చెవి మీద పెన్సిలుతో స్కూటరెక్కాడు.

హాలు గుమ్మంలో కాపలావాడు ఆపాడు. "లోపలికి ఆయుధాలు అట్టతో చేసినవే తీసుకెళ్లాలి."

"ఇది ఆయుధం కాదు బాబూ, కటింగ్ ప్లేయరు. అర్జెంటుగా ఒక పుస్తకం విప్పాలి."

వాలంటీరు పరుగున వచ్చింది. ఆయన ఏప్రాను మరకలు, గోళ్లలో ఎండిన జిగురు, వంగిన వీపు చూసి కళ్లు పెద్దవి చేసుకుంది. "అబ్బ, ఎంత శ్రద్ధగా చేశారండీ. ఆ ప్లేయరు అట్టదంటే ఎవరూ నమ్మరు. ఏ పాత్ర?"

"బైండర్ని."

"ఏ కథలో?"

"ఏ కథలోనూ కాదమ్మా, నేను నిజంగా బైండర్నే."

"మాటతీరు కూడా దించేశారు" అని ఆమె మురిసిపోతూ ఆయన ఛాతీ మీద పోటీ నంబరు గుచ్చేసింది. ఆయన ఏం చెబితే అది ఆ పాత్ర గొప్పతనమే అయింది. వదలమని బతిమాలితే, భయపడకండి బాగా చేస్తారు అని వీపు తట్టి, వరసలో మరమనిషి వెనకాల నిలబెట్టింది. మరమనిషి రొప్పుతుంటే బైండరుకి జాలేసింది. ఎంత కష్టంలో ఉన్నా ఇరుక్కున్న బోల్టు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ప్లేయరుతో పట్టి తిప్పేసరికి హెల్మెట్ ఊడొచ్చింది. లోపల చెమటతో తడిసిన మేనేజరు మొహం బయటపడింది.

"మీ రుణం తీర్చుకోలేనండీ" అన్నాడు మేనేజరు గాలి పీలుస్తూ. ఇంతలో ఇద్దరినీ కలిపి వేదిక మెట్లు ఎక్కించేశారు.

అదే సమయానికి హాలు ఇంకో మూల, సంపాదకురాలి ముందు పెన్సిలు రిబ్బను విప్పి అట్ట తెరిచింది.

బంగారు అక్షరాల్లో తన పేరు మెరిసింది. నాన్న చేతి రాత. దాన్ని చూసి కళ్లు చెమర్చేలోపు, పేరు లోంచి పుట్టుకొచ్చిన బుడగ కనబడింది. నా సహనం చచ్చిపోయింది, యుద్ధం ప్రకటించండి.

"మొదలే గట్టిగా ఉంది" అంది సంపాదకురాలు.

పెన్సిలుకి ఇంకా తెలియలేదు. పేజీ తిరిగింది. సింహాసనం మీద రాజు కళ్లెర్రజేసి, పిడికిలి పైకెత్తి, మంత్రులందరి మీదా అరుస్తున్నాడు. ఏడవకు నాన్నా, ఇంకొక్క ముద్ద తిని పడుకుందువుగానీ.

అప్పుడు తెలిసింది. ఆమె పుస్తకం మూయబోయింది. సంపాదకురాలు దాన్ని అరచేత్తో నొక్కి పట్టి తర్వాతి పేజీ తిప్పింది. తొట్టెలో బిడ్డ ముందు గిన్నె పట్టుకుని రాణి వంగి ఉంది. వెనకడుగు వేసినవాడి తల మొండెం మీద ఉండదు. తర్వాతి పేజీలో సేనాపతి గుర్రమెక్కి సైనికుల వరసని తనిఖీ చేస్తున్నాడు. బుడగ తోక కాస్త కిందికి దిగి గుర్రం నోటికి తగిలింది. ఏదీ, నాలుక చూపించు, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?

సంపాదకురాలి భుజాలు కదిలాయి. ఆవిడ దగ్గుతోందని పెన్సిలు అనుకుంది. దగ్గు కాదు. గాయపడిన సైనికుడి మీదికి రాజవైద్యుడు కత్తి పట్టుకుని వంగిన పేజీ వచ్చింది. ఈ క్షణం కోసమే ఇన్నేళ్లు ఎదురుచూశాను, ఇక నిన్ను ఎవరూ కాపాడలేరు. అది చదివి ఆవిడ కళ్లజోడు తీసేసి బల్ల మీద తల వాల్చి నవ్వింది. వరసలో ఉన్నవాళ్లు మెడలు చాచారు. ఆ బల్ల దగ్గర నవ్వు వినబడటం ఎవరికీ అనుభవంలో లేదు.

పెన్సిలుకి తల తీసేసినట్టయింది. నవ్వడానికి రాసిన కథ కాదు అది. ఏడవడానికి రాసింది. తను ఏడుస్తూ రాసింది. ఇప్పుడు తనే ఏడుస్తుంది కాబోలు, అదీ ఇక్కడే, ఇంతమంది ముందు.

యుద్ధభూమిలో ఇద్దరు రాజులు కత్తులు కలిపి, మొహంలో మొహం పెట్టి నిలబడ్డ పేజీ వచ్చింది. నన్ను క్షమించు, నీ మాట వినకుండా వెళ్లాను, పద ఇంటికి పోదాం. సంపాదకురాలు దాన్ని చూసి నవ్వబోయి, మధ్యలో ఆగి, మళ్లీ చూసింది. తర్వాతి పేజీలో రణరంగానికే వెతుక్కుంటూ వచ్చిన రాణిని రాజు వాటేసుకున్నాడు. యుద్ధమా, నువ్వు నాకేం మిగిల్చావు? దీనికి మాత్రం ఆవిడ పగలబడి నవ్వింది. ఆవిడకి పెళ్లై చాలా ఏళ్లయినట్టుంది.

ఆ తర్వాత చివరి పేజీ.

ఖాళీ అయిపోయిన సభలో రాజు కింది మెట్టు మీద కూర్చున్నాడు. కిరీటం పక్కన పెట్టుకున్నాడు. వెనక మంత్రుల ఆసనాల మీద ఎవరూ లేరు. అంతే. బుడగ లేదు, మాట లేదు. యుద్ధమా అంటూ మొదలై సగం పేజీ నిండే ఉపన్యాసం ఒకటి పెన్సిలు దానికోసం రాసింది. అది వెనక పేజీలో రాణి మెడ మీదికి వెళ్లిపోయింది.

సంపాదకురాలు నవ్వలేదు. ఇందాకటి నవ్వు మొహం మీద ఇంకా పూర్తిగా ఆరకముందే, కళ్లు మాత్రం వేరే రకంగా మారిపోయాయి. చాలాసేపు ఆ రాజునే చూసింది.

"ఇక్కడ మాట వద్దని మీకు ఎలా తోచింది?" అంది చివరికి, మెల్లగా.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి పెన్సిలు ముందు రెండు దారులున్నాయి. ఒకటి, నాకలా తోచిందండీ అని తల వంచుకోవడం. ఆ ఒక్క అబద్ధంతో ఒట్టు గట్టెక్కుతుంది, బ్రష్షులు గట్టెక్కుతాయి. పొద్దున పంటినొప్పి అని మూలిగిన మనిషికి ఇదో లెక్కా? కానీ బొమ్మల దగ్గర ఆమెకి అబద్ధం నోటికి రాదు. నోరు తెరిచి, నాకు తోచలేదండీ అనబోయింది. అనక్కర్లేకపోయింది. హాలంతా మోగేలా లౌడ్‌స్పీకరు ఆ పని చేసేసింది.

"అమ్మా, ఎక్కడున్నావో, పుస్తకం తెరవకు."

పెన్సిలు తుళ్లిపడి వేదిక వైపు చూసింది. ఏప్రానుతో, మెడలో దారపు చుట్టలతో నాన్న మైకు ముందు నిలబడి ఉన్నాడు. ఛాతీ మీద నంబరు. మీ పాత్ర గురించి రెండు మాటలు చెప్పమని ఎవరో మైకు నోటి దగ్గర పెట్టినట్టున్నారు.

"తప్పంతా నాది. నీ పేరు బంగారంతో రాయాలని ఒక కాగితం ఎక్కువ పెట్టాను. దాంతో మాటలన్నీ ఒక్కో పేజీ ముందుకి జరిగిపోయాయి. నలభై ఏళ్లుగా అందరి పుస్తకాలూ సరిగ్గా కట్టాను, నీదే చెడగొట్టాను. ఆవిడెవరో పెద్దావిడ, ఈ మాట మీకు వినబడుతుంటే, అది నా చేతి తప్పండీ, పిల్ల తప్పు కాదు. ఈసారి కాదంటే అది బొమ్మలు మానేస్తానంది. అది బొమ్మలు మానేస్తే మా ఇంట్లో పెన్సిళ్లు దొరుకుతాయి గానీ, మా పిల్ల దొరకదు. నన్ను కిందికి దిగనివ్వండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

హాలు చప్పట్లతో అదిరిపోయింది. ముందు వరసలో జనం కళ్లు తుడుచుకుంటున్నారు. పక్కన మరమనిషి, ఇనప చేతులతో వీలైనంత గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. ఆ మోతకి న్యాయనిర్ణేతలు చెవులు మూసుకున్నారు.

"మీ నాన్నగారా?" అంది సంపాదకురాలు.

"అవునండీ. ఆయన చెప్పింది నిజం. ఇది పొరపాటు. చివరి పేజీకి నేను పెద్ద ఉపన్యాసం రాశాను."

"తెలుసు. పోయినేడాది చదివానుగా. పొరపాటైతే, సరైన వరస కూడా చూపించండి మరి. చూస్తాను."

నాన్న ప్లేయరుతో జనాన్ని తోసుకుంటూ వచ్చేశాడు. కూతురి మొహంలోకి చూడలేక, బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని వైరు విప్పాడు. షీట్లూ బొమ్మలూ విడదీసి, ఒక్కో మాటనీ చదువుకుంటూ, దాని ఇంటికి దాన్ని పంపించాడు. కోపంగా ఉన్న రాజు కోపంగా మాట్లాడాడు. జోకొట్టే రాణి జోకొట్టింది. వైద్యుడు వైద్యం చేశాడు. ఎవరి మాట వాళ్లు చెప్పారు, ఎక్కడా తప్పు లేదు. ముగ్గురూ దాన్ని చూశారు. సంపాదకురాలు ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదని పెన్సిలుకే అర్థమైంది. రెండేళ్లుగా ఆవిడ నోటితో చెప్పినా బుర్రకెక్కనిది ఇప్పుడు కంటికి కనబడింది. తన రాజు బొమ్మలోనే అరిచేశాడు. తను వెనకాల నిలబడి మళ్లీ అరుస్తోంది, అంతే.

"నాన్నా, ఖాళీ షీటు ఒకటుందా?" అంది.

ఏప్రాను జేబులో ఎప్పుడూ ముక్కలుంటాయి. ఒకటి తీసి ఇచ్చాడు. పెన్సిలు ముందుగా రాణి జోలపాట షీటు తీసి, అరుస్తున్న రాజు మీద పెట్టింది. అది ఎలాగూ నవ్వొస్తుంది, ఉండనీ. తర్వాత ఖాళీ షీటు మీద అదే మాట మళ్లీ రాసింది. ఏడవకు నాన్నా, ఇంకొక్క ముద్ద తిని పడుకుందువుగానీ. దాన్ని యుద్ధభూమిలో రాజూ రాణీ వాటేసుకున్న పేజీ మీద, పాత షీటు తీసేసి పెట్టి, కాస్త కిందికి జరిపింది. బుడగ తోక రాణి పెదాల దగ్గర ఆగింది. అంతవరకూ ఆ బొమ్మలో రాజు రాణిని పట్టుకున్నట్టుండేది. ఇప్పుడు రాణి రాజుని పట్టుకుంది. ఆమె భుజం మీద తల పెట్టుకున్న ఆ మహావీరుడు, అన్నం తినకుండా ఏడుస్తున్న పసివాడిలా కనబడ్డాడు.

చివరి పేజీ మీద పెట్టాల్సిన ఉపన్యాసం షీటుని సంపాదకురాలు తనే అందించింది, పరీక్షగా చూస్తూ.

"వద్దండీ" అంది పెన్సిలు.

సంపాదకురాలు ఆ షీటుని రెండుగా చింపబోయింది. చిరగలేదు. బైండరు షాపులోది మంచి సరుకు. మడిచి చెత్తబుట్టలో వేసి, కొత్త చిత్రకారుల కథలతో తాము వేయబోయే పుస్తకంలో మొదటి కథ ఇదేనని చెప్పింది.

"మొదట జరిగింది పొరపాటే. కానీ ఇప్పుడు చేసింది మీరు. నాకు మీరే కావాలి" అంది.

పెన్సిలు ఆ కుర్చీలో మూడోసారి కూర్చుంది. ఈసారి మంచినీళ్లు నాన్న తాగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మొదట ఏడ్చారో మొదట నవ్వారో చూసినవాళ్లలో కూడా ఏకాభిప్రాయం లేదు. ఆమెకి ఆ క్షణంలో ఆ హాలంత సంతోషం కలిగింది. ఇంతలో వేదిక మీదినుంచి వేషాల పోటీ ఫలితాలు చదివారు. మొదటి బహుమతి వృద్ధ బైండరు పాత్రకి, జీవం ఉట్టిపడే నటనకి. రెండో బహుమతి హెల్మెట్ లేని మరమనిషికి. బైండరు వేదికెక్కి, ఇది వేషం కాదని ఆఖరుసారి చెప్పి చూశాడు. మళ్లీ చప్పట్లు పడ్డాయి.

సోమవారం పెన్సిలు ఆఫీసుకి వెళ్లేసరికి మేనేజరు తన గదిలో ఫైలు చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"రాత్రి డ్యూటీ పోస్టు నీకు ఇవ్వడం లేదమ్మా. పంటినొప్పి ఉన్నవాళ్లు రాత్రిళ్లు పనికిరారు" అన్నాడు. ఫైల్లో ఒక పేజీ తిప్పి, "మీ నాన్నగారు వచ్చే ఏడాది కూడా పోటీకి వస్తున్నారా?" అని అడిగాడు.

"రారు సార్."

"హమ్మయ్య" అని ఆయన మళ్లీ ఫైల్లో తల దూర్చాడు.

పుస్తకం అచ్చయ్యాక మొదటి ప్రతి ఇంటికొచ్చింది. అట్ట మీద బంగారు అక్షరాల్లో పేరు ఉంది. అక్షరాలు నాన్న చేత్తో రాసినవే, సంపాదకురాలు అడిగి తీసుకుంది. పిన్ని దాన్ని ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చదివి వినిపించింది, చివరి పేజీలో మాటలు లేవు కాబట్టి అక్కడ తన మాటలు చెప్పింది. నాన్న మాత్రం కళ్లజోడు పెట్టుకుని వైరు లేని ఆ బైండింగుని వేలితో తడిమి చూసి, పర్వాలేదన్నాడు. అప్పటినుంచీ షాపుకి ఎవరు కాగితాల బొత్తి తెచ్చినా, ఆయన తీసుకునే ముందు ఒక్క ప్రశ్న అడుగుతాడు.

"వరసగా కావాలా, బాగా కావాలా?"